చేప గ్రుడ్డులో మెదడు నిర్మాణము - మందుల ప్రభావము

వానలు కురిసి పెండ్లిమర్రి చుట్టుప్రక్కల చెరువులు, కుంటలు నిండిన పిమ్మట కొలదిదినములలోనే నీటియంచున చేపపిల్లలు గుంపులుగా కానవచ్చును. పాపాఘ్నికి నీరు వచ్చిన యేడు మడుగులలో వీనికి లెక్కయుండదు. మొన్న గ్రుడ్డుగా నున్నది నేడు ఈదుచున్నది. మన నీడ పడగానే ప్రక్కకు తప్పుకొనుచున్నది. ఆహారపు నలుసును గుర్తించి దానివైపు తిరుగుచున్నది. ఇంత పనిని నడిపించు మెదడు ఆ పిల్ల తలలో ఆవగింజ కంటె చిన్నది. అది రెండుమూడు దినములలో రూపుగట్టినది.

ఆ మెదడు రూపుగట్టుచున్న వేళలో నీటియందు ఒక మందు కలసినచో ఏమగును? ఇది చేపలకు మాత్రమే సంబంధించిన ప్రశ్నయని తోచవచ్చును. కాని శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను చేపను అడుగుచున్నది తల్లి కడుపులోని బిడ్డ కొరకు. గర్భమందలి బిడ్డ మెదడు ఏర్పడుటను మనము కన్నులార చూడలేము. చేప గ్రుడ్డు తల్లి శరీరమునకు వెలుపల నుండును, అద్దమువలె పారదర్శకముగా నుండును. అందు జరుగునదంతయు సూక్ష్మదర్శిని క్రింద కనబడును. కావున చేప ఏమి తెలిపినదో, అది మన యిండ్లలోని స్త్రీలకు ఏవిధముగా ఉపకరించునో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మెదడు ఏర్పడు విధము

మొదట మెదడు ఎట్లు ఏర్పడునో తెలిసికొందము. మనుష్యునిలో గర్భధారణ జరిగిన మూడవ వారమున పిండము వీపువైపున ఒక పలుచని పలక ఏర్పడును. తమలపాకును నిలువుగా చుట్టినట్లు ఆ పలక అంచులు రెండును లేచి, లోనికి వంగి, ఒకదానితో నొకటి కలసి గొట్టమగును. పై కొన ఉబ్బి మెదడగును. తక్కిన భాగము వెన్నుపాము అగును. ఈ గొట్టము 28వ దినమునాటికి పూర్తిగా మూసికొనవలెను. పై కొన మూసికొననిచో మెదడును పుర్రెయు సరిగా ఏర్పడవు. అట్టి బిడ్డ బ్రతుకదు. క్రింది భాగము మూసికొననిచో వెన్ను చీలియుండి, బిడ్డకు కాళ్లు పడిపోవుట, మూత్రముపై అదుపు లేకపోవుట మొదలగు బాధలు కలుగును.

ఇచ్చట గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఈ 28 దినములు గర్భము నిలిచిననాటినుండి లెక్కింపవలసినవి. అనగా నెల తప్పిన తరువాత సుమారు రెండు వారములకే ఆ గొట్టము మూసికొనుట ముగియును. కడుపుతో నున్నట్లు కొందరికి అప్పటికింకను తెలియనే తెలియదు. తెలిసినవారును ఆసుపత్రికి పోయియుండరు. బిడ్డ మెదడునకు పునాది పడు దినములు తల్లి యెరుగకయే గడచిపోవుచున్నవి.

గొట్టము మూసికొనుటతో పని ముగియలేదు. దాని గోడలలో నాడీకణములు పుట్టవలెను, తమ తమ స్థానములకు చేరవలెను, ఒకదానితో నొకటి సంబంధము కల్పించుకొనవలెను. మనుష్యునిలో ఇది గర్భకాలమంతయు, పుట్టిన తరువాత ఏండ్ల తరబడి జరుగును. చేపలో ఇదే క్రమము గంటలలో జరిగిపోవును.

చారల చేప

ఈ పరిశోధనలకు లోకమంతట ఎక్కువగా వాడబడు చేప మన దేశపు చేపయే. దానిని జీబ్రా చేపయందురు. నీలపుచారలు నిలువునా తల నుండి తోక వరకు సాగియుండును. పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు. స్కాట్లండు వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానదీ ప్రాంతపు చేపలను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున దీనిని మొదట వర్ణించెను. చిరకాలము ఇది గాజుతొట్లలో పెంచుకొను అలంకారపు చేపగానే యుండెను. అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింగర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగశాలకు తెచ్చి, 1981లో తన పరిశోధనను ప్రకటించినప్పటినుండి దీని పేరు ప్రసిద్ధికెక్కినది. నేడు హైదరాబాదులోని సీసీఎంబీ యందును, హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమందలి డాక్టర్ రెడ్డీస్ జీవవిజ్ఞాన సంస్థయందును ఈ చేపలపై పరిశోధనలు జరుగుచున్నవి.

దీనినే ఎన్నుకొనుటకు కారణములు కలవు. తెల్లవారి వెలుగు రాగానే ఆడచేప ఒక్కసారిగా వందలకొలది గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్డు మిల్లీమీటరు కంటె చిన్నది. ఇరువదియెనిమిది డిగ్రీల వెచ్చని నీటిలో ముప్పాతిక గంటకు ఆ యొక్క కణము రెండగును. పది గంటలకు వీపువైపున మెదడు పలక ఏర్పడును. ఇరువది నాలుగు గంటలకు మెదడులోని ముందుభాగము, నడిమిభాగము, వెనుకభాగము వేరువేరుగా కనబడును, గుండె కొట్టుకొనుచుండును, తోక కదలుచుండును. రెండు మూడు దినములకు పిల్ల పొర చీల్చుకొని వెలుపలికి వచ్చును. అయిదవ దినమునకు తానే ఈది ఆహారము వెదకికొనును. మనుష్యుని జన్యువులలో నూటికి డెబ్బదింటికి సరిపోలు జన్యువులు ఈ చేపలో కలవని 2013లో తేలినది. మెదడు నిర్మాణమునకు ఆజ్ఞలనిచ్చు ముఖ్యమైన జన్యువులు పెక్కు రెండింటను ఒక్కటే.

పరీక్ష జరుపు పద్ధతియు సులభముగా బోధపడును. అరచేతి వెడల్పు పలకలో 96 చిన్నగుంటలుండును. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క గ్రుడ్డును నీటితో నుంచెదరు. కొన్ని గుంటలలో మందు తక్కువగా, కొన్నింట హెచ్చుగా కలిపెదరు. కొన్నింట మందును కరగించుటకు వాడిన ద్రవమును మాత్రమే కలిపెదరు. లేనిచో హాని మందు వలననా, ద్రవము వలననా యని తెలియదు. కొన్నింట వట్టి నీరే యుండును. పిమ్మట ఏ గంటకు ఏ భాగము ఏర్పడినది, ఏది ఏర్పడలేదు, గుండె యెంత వేగముతో కొట్టుకొనుచున్నది యని చూచెదరు. అయిదారు దినములు గడచిన పిమ్మట దీపము తటాలున ఆర్పినచో ఆరోగ్యముగల పిల్ల వేగముగా ఈదనారంభించును. పలకను మెల్లగా తట్టినచో చటుక్కున వంగి తప్పించుకొనును. రూపము సరిగానున్నను ఈ నడవడి తప్పినచో మెదడులో ఎచ్చటనో లోపము కలదని గ్రహింతురు.

సారాయి చూపిన రూపము

చేప పిండముపై మందుల ప్రభావమును చూచుట కొత్తది కాదు. అమెరికాలో చార్లెస్ స్టాకార్డ్ అను శాస్త్రజ్ఞుడు సముద్రతీరపు చిన్నచేప యొకదాని గ్రుడ్లను మెగ్నీషియము లవణము కలిపిన సముద్రపు నీటిలో నుంచెను. పుట్టిన పిల్లలలో కొన్నింటికి రెండు కన్నులకు బదులు ముఖము నడుమ ఒక్క కన్నే యుండెను. ఈ సంగతిని ఆయన 1907లో ప్రకటించెను. 1910లో సారాయితోను ఇట్టి ఫలితమే వచ్చినదని తెలిపెను. అది కన్నులకు సంబంధించిన లోపముగా పైకి కనబడినను దాని మూలము మెదడులోనిది. మెదడు ముందుభాగము రెండుగా విడివడునప్పుడు కన్నుల స్థానము కూడ రెండుగా విడివడును. ఆ విభజన జరుగనిచో కన్ను ఒక్కటే యగును. జీబ్రా చేపలోను, పిండము రూపుగట్టు తొలిగంటలలో గాఢమైన సారాయి తగిలినచో ఇదే లోపము కలుగునని తరువాత తేలినది.

స్టాకార్డ్ చూపినది మనుష్యులకు వర్తించునని లోకము నమ్ముటకు అరువది యేండ్లకుపైగా పట్టినది. ఫ్రాన్సులో 1968లోను, అమెరికాలో 1973లోను వైద్యులు త్రాగుడు అలవాటు గల తల్లుల బిడ్డలలో చిన్నతల, ప్రత్యేకమైన ముఖలక్షణములు, మందబుద్ధి కలసి కనబడుచున్నవని వ్రాసిరి. సారాయి మాయను దాటి సులభముగా బిడ్డ రక్తమున చేరును. గర్భిణికి ఇంత త్రాగినచో హాని లేదని చెప్పదగిన మోతాదు ఏదియు నిర్ణయింపబడలేదు. ఒళ్లునొప్పులు తగ్గుననియో, నిద్రపట్టుననియో కడుపుతోనున్న స్త్రీకి కల్లో సారాయో ఇచ్చుట ఏ యింటను తగదు.

పడుగులో తెగిన పోగు

ఒకే మందు ఒక బిడ్డకు హాని చేసి మరియొక బిడ్డను విడిచిపెట్టుట యెట్లు? చేప గ్రుడ్డు ఇచ్చు సమాధానము కాలము. అదే మందును పదవ గంటయందు ఇచ్చినచో ఒక లోపము, ముప్పదవ గంటయందు ఇచ్చినచో మరియొక లోపము, మూడవ దినమున ఇచ్చినచో కొన్నిసార్లు ఏ లోపమును కనబడదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల మగ్గములను చూచినవారికి ఇది తేలికగా అర్థమగును. పడుగు తోడునప్పుడు పోగు తప్పినచో ఆ తప్పు బట్ట చివరివరకు సాగును. నేత సాగిన తరువాత పేకలో పోగు తెగినచో ఆ చోటనే చిన్న మచ్చ పడును. మెదడు పలక, గొట్టము ఏర్పడు కాలము పడుగు తోడు కాలము. తరువాత జరుగునది నేత. అందును తప్పులు పడవచ్చును గాని అవి వేరువిధములు.

మనుష్యులలో ఈ సత్యమును థాలిడోమైడ్ అను మందు ఘోరముగా నిరూపించినది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకమునకు వచ్చిన యీ నిద్రమందును గర్భిణుల వేవిళ్లకును వాడిరి. 1961 నవంబరులో దానిని అచ్చట అంగళ్లనుండి ఉపసంహరించునాటికి పెక్కు దేశములలో పదివేలకు తక్కువగాని బిడ్డలు చేతులు, కాళ్లు కురచయై, కొందరు చెవులు, కన్నులు, లోని అవయవములు చెడి పుట్టిరి. గర్భధారణ జరిగిన 20వ దినమునకు, 36వ దినమునకు నడుమ ఆ మాత్రను మ్రింగిన తల్లుల బిడ్డలే ముఖ్యముగా దెబ్బతినిరి. ఏ దినమున మ్రింగిరో దానినిబట్టి ఏ అవయవము చెడునో కూడ వైద్యులు గుర్తింపగలిగిరి. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అను వైద్యురాలు తగిన ఋజువులు చూపవలెనని పట్టుపట్టి, ఆ మందు అమ్మకమునకు అనుమతినీయక ఎందరో బిడ్డలను కాపాడెను.

ఈ మందు ఎట్లు హాని చేయుచున్నదో అర్ధశతాబ్దము వరకు తెలియలేదు. ఎలుకలు దానికి లొంగవు. కావున ఎలుకలపై పరీక్షలు మోసపుచ్చినవి. 2010లో జపాను శాస్త్రజ్ఞులు జీబ్రా చేప పిండములను ఉపయోగించి ఆ రహస్యమును విప్పిరి. సెరెబ్లాన్ అను మాంసకృత్తును ఆ మందు పట్టుకొనుచున్నది. మందు పట్టుకొనలేని విధముగా మార్చిన సెరెబ్లాన్‌ను చేప పిండములలో నుంచగా మందు కలిపిన నీటిలోను వాని రెక్కలు సక్రమముగా పెరిగినవి.

తెలుగువాని చేతి రెండు పదార్థములు

మెదడు గొట్టమును మూయుటకు సాయపడు పదార్థమును, దానికి అడ్డుపడు పదార్థమును ఒకే తెలుగువాని నాయకత్వమున తయారైనవని మన శ్రోతలలో కొలదిమందికే తెలిసియుండును. ఆయన యెల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్య కళాశాలలో చదివి, 1922లో అమెరికా చేరి, 1948లో అచ్చటనే కన్నుమూసెను.

కథ బొంబాయిలో మొదలైనది. అచ్చటి బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలకు ఒకవిధమైన రక్తహీనత కలుగుచుండగా లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు ఈస్టు సారముతో దానిని నయము చేయవచ్చునని 1931లో ప్రకటించెను. అందలి గుణముగల పదార్థమును 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుండి వేరుచేసి, ఆకు అను అర్థము గల లాటిను పదమునుండి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. లెడర్లీ సంస్థలో సుబ్బారావు నడపిన బృందము 1945లో ఆ ఆమ్లమును రసాయనముగా తయారు చేయగలిగినది.

కణము రెండుగా చీలుటకు ముందు తనలోని జన్యుపదార్థమునకు ప్రతి తయారుచేసికొనవలెను. అందులకు ఫోలిక్ ఆమ్లము కావలెను. ఆ బృందమే దానిని పోలియుండి దాని పనికి అడ్డుపడు అమినాప్టెరిన్‌ను, మెథోట్రెక్సేటును కూడ తయారు చేసెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు కాన్సరు గల పిల్లలకు అమినాప్టెరిన్ నిచ్చి, కొందరికి తాత్కాలికముగా ఉపశమనము కలిగినదని 1948లో ప్రకటించెను. కాన్సరు చికిత్సలో అది కొత్త యుగమునకు ఆరంభము. విచ్చలవిడిగా చీలు కాన్సరు కణమును ఆపిన మందు, క్రమముగా చీలవలసిన పిండకణమును కూడ ఆపకుండునా? అమినాప్టెరిన్ సోకిన గర్భములలో పిండమునకు అంగలోపములు కలిగినవని 1952లో థీర్ష్ అను వైద్యుడు తెలిపెను. తరువాతి కేసులలో మెదడు, పుర్రె లోపములును కనబడినవి. చేప పిండములకు మెథోట్రెక్సేటు ఇచ్చినచో అవియు సరిగా ఎదుగవు; గుండె రూపము చెడును. నేడు కీళ్లవాతమునకు, చర్మవ్యాధులకు మెథోట్రెక్సేటు వాడు స్త్రీలు గర్భము ధరింపదలచినచో ముందుగానే వైద్యుని సలహాతో దానిని మానవలసియుండుట ఇందువలననే.

దీనికి మేలుముఖము కూడ కలదు. అంతకు ముందు ఇట్టి గొట్టపు లోపముగల గర్భము కలిగిన స్త్రీలపై ఏడు దేశములలో జరిగిన పరీక్ష ఫలితములను 1991లో ఇంగ్లండులో ప్రకటించిరి. గర్భమునకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నచో నూటికి డెబ్బదిరెండు పాళ్లు ఆ లోపము మరల రాకుండ నివారింపబడినది. విలువ తక్కువైన మాత్రతో ఇంత మేలు కలుగుట వైద్యచరిత్రలో అరుదు.

పైకి కనబడని లోపము

ఒక్క కన్ను, చీలిన వెన్ను కంటికి కనబడును. కాని రూపము చక్కగానుండి బుద్ధివికాసమున లోపము కలుగుట మరింత కష్టమైన సంగతి. మూర్ఛకు ఇచ్చు వాల్ప్రోయేట్ అను మందు దీనికి ఉదాహరణము. ఫ్రాన్సులో 1960 ప్రాంతమున దాని గుణము తెలిసినది. ఎందరికో మూర్ఛను అదుపులో నుంచిన మంచి మందది. కాని గర్భిణులు వాడినచో బిడ్డలలో వెన్నుచీలిక ఎక్కువగా కనబడుచున్నదని 1982లో ఫ్రాన్సు వైద్యులు గుర్తించిరి. నూరుమంది బిడ్డలలో సుమారు పదిమందికి అంగలోపములును, ముప్పదినుండి నలువదిమందికి నడక, మాట, నేర్పు విషయములలో వెనుకబాటును కలుగవచ్చునని యూరపు ఔషధాధికారులు హెచ్చరించిరి.

ఇట్లేల జరుగును? కణములో ప్రతి జన్యువును ఎప్పుడు తెరువవలెనో ఎప్పుడు మూయవలెనో ఒక క్రమము కలదు. వాల్ప్రోయేట్ ఆ క్రమమును కలవరపెట్టునని 2001లో తెలిసినది. 2014లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో జీబ్రా చేప పిండములకు ఈ మందు ఇచ్చిరి. మెదడు వెనుకభాగమున సెరటోనిన్ అను రసమును తయారుచేయవలసిన నాడీకణములు సరిగా రూపుదాల్చలేదు. ఆ రసము నిద్రకు, మనఃస్థితికి సంబంధించినది. చేపపిల్ల సంపూర్ణముగానే యున్నట్లు తోచినను లోపల ఒక తెగ కణములు తమ వృత్తి నేర్చుకొనక నిలిచిపోయినవి. పుట్టినప్పుడు చక్కగానున్న బిడ్డ బడికి పోవు వయస్సున వెనుకబడుటకు ఇట్టి కారణములుండవచ్చునని ఈ పరిశోధన సూచించుచున్నది.

ఇచ్చట మేము ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ సంగతి విన్న గర్భిణి భయపడి మూర్ఛ మందును తానుగా మానరాదు. మందు మానగా మూర్ఛ విజృంభించి తల్లి నీటిలోనో నిప్పులోనో పడవచ్చును. తల్లీబిడ్డలిద్దరి ప్రాణమునకును ముప్పు రావచ్చును. ఇంతకంటె తక్కువ హాని గల మూర్ఛమందులు నేడు కలవు. గర్భమునకు ముందే వైద్యుని సంప్రదించినచో మందు మార్చుటకో మోతాదు తగ్గించుటకో వ్యవధి యుండును.

నీటిలో కలసిన మందులు

ఇంతవరకు చెప్పినది తెలిసి మ్రింగిన మందులను గూర్చి. తెలియక సోకు మందులును కలవు. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరు ప్రాంతమున సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రము నుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములను ప్రకటించిరి. శుద్ధిచేసిన తరువాత కూడ లీటరు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను మందు 31 మిల్లీగ్రాముల వరకు కలదని తేలెను. మరి రెండేండ్లకు, 2009లో, ఆ నీటినే కప్పపిల్లలకు, జీబ్రా చేప గ్రుడ్లకు తగిలించి చూచిరి. వేయిపాళ్ల మంచినీటిలో రెండుపాళ్లు ఆ నీరు కలిసినను పదునాలుగు దినములలో కప్పపిల్లల ఎదుగుదల నూటికి నలువదిపాళ్లు తగ్గెను. ఇంకను చిక్కని పాళ్లలో చేప పిండముల కదలిక, వర్ణము, గుండెవేగము తగ్గినవి. అందులో ఏ మందు ఎంత హాని చేసినదో విడదీయుట కష్టము, అనేకము కలసియున్నవి. ఆ ప్రాంతపు వాగునీరు మంజీరకు, మంజీర గోదావరికి పోవును. చేప గ్రుడ్డు మనకు నీటి కావలివాడుగాను పనిచేయగలదని ఈ పరీక్ష చూపినది. పాతమాత్రలను, సీసాలలో మిగిలిన మందులను చెరువులలో, బావులలో పారవేయు అలవాటు మనము మానవలెను.

చేప చెప్పలేనిది

చేప తెలిపినదంతయు మనుష్యునికి యథాతథముగా వర్తించునని తలపరాదు. చేపకు మాయ లేదు, తల్లి కాలేయము మందును మార్చి పంపుట లేదు. చేపలో మెదడు గొట్టము మొదట గట్టి కడ్డీగా నేర్పడి తరువాత లోపల తొలుచుకొనును. మనుష్యునిలో పలక చుట్టుకొనును. గ్రుడ్డు చుట్టునున్న పొర కొన్ని మందులను లోపలికి పోనీయదు. పరీక్షలో వాడు మోతాదు తల్లి రక్తమున ఉండు మోతాదు కంటె చాల హెచ్చుగా నుండవచ్చును. కావున చేపలో హాని కనబడినంత మాత్రమున మందు నిషిద్ధము కాదు. కనబడనంత మాత్రమున నిరపాయమును కాదు. చేప సూచన యిచ్చును, అనుమానించుటకు దారి చూపును. ఇతర ప్రాణులపై పరీక్షలును, మందు వాడిన తల్లుల బిడ్డలను ఏండ్ల తరబడి గమనించుటయు తీర్పు నిచ్చును.

ఇంటివారు చేయదగినది

అయినను ఇన్ని దేశముల పరిశోధనలనుండి ఇంటికి పనికివచ్చు నియమములు కొన్ని స్పష్టముగా తేలుచున్నవి. గర్భము ధరింపదలచిన స్త్రీ ముందునుండియే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనుట మంచిది. మొదటి మూడునెలలు దానిని కొనసాగింపవలెను. గర్భిణులకు ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రలు నాలుగవనెల నుండి మొదలగును. అవి రక్తమునకు మిక్కిలి అవసరమైనవే గాని, మెదడు గొట్టము అప్పటికి సుమారు రెండునెలల క్రిందటనే మూసికొనియున్నదని మరువరాదు. అందువలన పెండ్లియైన కోడలికి, రెండవ కాన్పు తలపెట్టిన తల్లికి ఈ సంగతి ముందే తెలియవలెను. గ్రామమందలి ఆశా కార్యకర్తనో, ఆరోగ్యకేంద్రపు నర్సునో అడిగినచో మాత్రల విషయము చెప్పుదురు. ముందటి కాన్పులో ఇట్టి లోపము కలిగినవారికి హెచ్చు మోతాదు కావలెను. దానిని వైద్యుడే నిర్ణయింపవలెను. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు, పులివెందుల తోటల చీనీపండ్లు ఆహారమున చేర్చుకొనుట మేలే. కాని అవి మాత్రకు బదులు కాజాలవు.

మూర్ఛ, కీళ్లవాతము, మొటిమలు, మానసికవ్యాధులు మొదలగువానికి దీర్ఘకాలము మందులు వాడు స్త్రీలు గర్భమునకు ముందే ఆ సంగతిని వైద్యునికి తెలుపవలెను. నెల తప్పినదను అనుమానము కలిగినప్పుడు ఏ వైద్యునియొద్దకు ఏ జబ్బుకు పోయినను ముందుగా ఆ మాట చెప్పవలెను. మందులషాపులో అడిగి తెచ్చిన మాత్రను, పొరుగింటివారు తమకు గుణమిచ్చినదని ఇచ్చిన మాత్రను, పేరు తెలియని పసరును గర్భిణి మ్రింగరాదు. వైద్యుడు ఆలోచించి ఇచ్చిన మందును భయపడి ఆపరాదు.

అత్తగారికి, భర్తకు కూడ ఇందు పాత్ర కలదు. కొత్తకోడలు వాడు మందు సంగతి చెప్పుటకు సిగ్గుపడవచ్చును. మూర్ఛరోగమున్నట్లు తెలిసినచో ఏమనుకొందురోయని దాచవచ్చును. ఆ దాపరికమునకు వెల యిచ్చునది పుట్టబోవు బిడ్డ. ఇంటివారు ముందే మనసిచ్చి అడిగినచో ఆ కోడలు నిర్భయముగా చెప్పును. వైద్యునియొద్దకు సకాలమున పోవుటకు వీలగును.